పద్నాలుగు ఎవరు?

కాపర్ బెండ్‌లో ఎవరినైనా అడగండి. సరస్సు అడుగున మునిగిపోయిన పిల్లని అంకె పెట్టి పిలిచి క్లాసులోకి రప్పించిన మనిషి వెల్డా కోస్కెలా ఒక్కతే. కావాలంటే ఆ సరస్సు చేపలే తలలూపి సాక్ష్యం చెబుతాయి.

ఊరి హైస్కూలు నేలమాళిగలో, కిటికీ అన్నది లేని గదిలో, కంప్యూటర్లు ఒకదాన్నొకటి ఎలా పిలుచుకుంటాయో నేర్పడం ఆవిడ ఉద్యోగం. పుస్తకం జోలికి పోకముందే ఆట మొదలు. పిల్లలే యంత్రాలు, మనిషికో అంకె. "తొమ్మిది ఎవరు?" అని గదంతా వినబడేలా అరిస్తే తొమ్మిది తప్ప మరొకరు నోరు మెదపకూడదు. అంకెని ఎవడైనా కాజేయొచ్చు కనుక, పలికినవాళ్లు వచ్చి తమ పుట్టుమచ్చ చెప్పుకోవాలి. అదొక రహస్యపు మాట. టీచర్ చెవికి తప్ప ఎవరికీ తెలియదు.

ఒక ఫిబ్రవరి సాయంత్రం బడి నుంచి ఇంటికి పోతూ పద్నాలుగో అంకె మారెట్ లహ్టి కనబడకుండా పోయింది. సరస్సు అవతల తాతతో ఉంటూ, గడ్డకట్టిన నీటి మీదుగా ఆయన నడిపే మంచుబండిలో బడికొచ్చే పిల్ల. మర్నాడు వెతకబోయినవాళ్లకి పగిలిన మంచులో బండి హ్యాండిల్ ఒక్కటే పైకి కనబడింది. అంతలో తుఫాను విరుచుకుపడి వాళ్లు వెనక్కొచ్చేశారు. బళ్లో ఉన్న పిల్లలు బళ్లోనే ఇరుక్కున్నారు. మధ్యాహ్నానికి కరెంటూ పోయింది.

కటిక చీకటి. ఎవరో వెక్కుతున్నారు.

"ఆట ఆడదాం రండి," అంది వెల్డా.

"ఆడదాం గానీ పద్నాలుగుని పిలవకండి టీచర్," అన్నాడు వెండెల్, క్లాసులో వాగుడుకాయ. "కొంపదీసి పలికితే?"

"పలికితే హాజరు వేస్తా. నోర్ముయ్."

ఒక్కొక్కరే పలికారు. పదమూడు దాకా వచ్చి ఆవిడ ఆగింది. ఇప్పుడు దాటేస్తే ఆ పిల్ల ఇక లేదని తన నోటితో తానే ఒప్పుకున్నట్టు. అది ఆవిడ వల్ల కాలేదు.

"పద్నాలుగు ఎవరు?"

గోడలోని గొట్టాలు టిక్కుమంటున్నాయి. మళ్లీ అడిగింది.

"నేనే."

గది ఒక్కసారిగా కెవ్వుమంది.

"ఎవడ్రా అది, బుద్ధుందా?" అని వెండెల్ అరిచాడు.

"నువ్వే అయ్యుంటావు, వెధవా!" అంది పక్కనున్న పిల్ల.

"నా పళ్లు టకటకలాడుతుంటే నేనెలా అంటానే?"

"అందరూ నోళ్లు మూయండి," అంది వెల్డా. "పద్నాలుగువైతే వచ్చి పుట్టుమచ్చ చెప్పు."

తడి బూట్లు చప్పుడు చేసుకుంటూ దగ్గరికొచ్చాయి. సరస్సు నీళ్ల వాసన, పచ్చి చేపల వాసన. మంచుగడ్డల్లాంటి వేళ్లు ఆవిడ భుజం తడిమాయి. చెవిలో చల్లటి ఊపిరి.

"కుంటి దుప్పి."

వెల్డా ఆ చెయ్యి పట్టుకుని మణికట్టు వెతికింది. నాడి కొట్టుకుంటోంది. తన కోటు విప్పి ఆ పిల్లకి చుట్టేసింది. మంచు పగలగానే తాతా మనవరాలూ బండి మీంచి దూకేశారట. ఒడ్డునున్న చేపలవాళ్ల గుడిసెలో రాత్రంతా ముడుచుకుని, తుఫానులో కరెంటు స్తంభాల వెంట దారి పట్టుకుని నడిచొచ్చారట. తాత పైన ఆఫీసులో కాఫీ తాగుతుంటే, తన అంకె వినబడి ఈ పిల్ల చీకట్లో మెట్లు దిగొచ్చింది.

ఈ కథ ఊళ్లో ఎవరు ఎత్తినా వెల్డా కోస్కెలా కళ్లజోడు తుడుచుకుంటూ ఒకటే మాట అంటుంది: "చచ్చినవాళ్లెవరూ పలకలేదు. మారెట్ ఆ రోజు ఆలస్యంగా వచ్చింది. హాజరులో ఆలస్యం అనే వేశాను."