పనిలో ఉన్నవాళ్లు

ఆ వీధిలో ఆమెను ప్రశ్నలమ్మ అంటారు. ఆరోగ్య సర్వే కార్యాలయంలో ఉద్యోగం. ఏటా మిల్లులన్నీ తిరిగి, కార్మికులను అవే ప్రశ్నలు, అదే వరుసలో అడుగుతుంది. చెప్పింది చెప్పినట్టు రాసుకుంటుంది. ఎందుకిలా అని రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు.

ఆ పని వృథా అని ఆమె ఎన్నడూ అనుకోలేదు. రంగుల గదిలో ఆడవాళ్ల చేతులు పుండ్లు పడుతున్నాయని లోకానికి తెలిసింది ఆమె అడిగాకే. అంతవరకూ ఎవరి పుండు వాళ్లది. అన్నీ ఒక్కచోట చేరాకే చేతి తొడుగులు వచ్చాయి.

ఈసారి దూది ఏకే గది. అక్కడ ఆమె అన్న పనిచేస్తాడు. గాలినిండా నూగు. కిటికీలోంచి దిగిన ఎండ ఆ నూగు మీద వాలి, నేల దాకా రాకుండానే అలసిపోతుంది. సర్వేలో దగ్గు తేలితే గదికి దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టించాల్సిందే. ఆమెకు కావలసింది అదొక్కటే.

అన్న వంతు వచ్చింది. పక్కనే మేస్త్రీ నిలబడ్డాడు.

"ఊపిరాడటం కష్టంగా ఉంటోందా?"

"నాకా? గుర్రంలా ఉన్నాను చెల్లాయ్." అంటూంటేనే ఛాతీలో ఈల మోగింది.

"గుర్రం సకిలిస్తోంది రోయ్!" అన్నారు వెనకెవరో. అందరూ నవ్వారు, మేస్త్రీతో సహా.

ఆమె 'లేదు' అని రాసింది.

ఇంటికొచ్చాక పోట్లాడింది. "అబద్ధమెందుకు చెప్పావన్నయ్యా?"

"ఉందంటే రేపు గేటు దగ్గరే ఆపేస్తారు. నీ ఫ్యాన్లొచ్చేదాకా ఇంటిల్లిపాదీ గాలి మేసి బతకాలా?"

ఫ్యాన్లు పెట్టించడానికి ఆ ఏడు తేలిన దగ్గు చాల్లేదు. మరుసటి ఏడు చూద్దామన్నారు. ఆమె మళ్లీ వెళ్లేసరికి గదిలో సగం కొత్త మొహాలు, గట్టి ఛాతీలు. అన్న అప్పటికే మంచం పట్టాడు.

"గది మెరుగుపడిందమ్మా," అన్నాడు సర్వే అధికారి సంతోషంగా.

"దగ్గేవాళ్లు పని మానేశారండీ. వాళ్ల ఇళ్లకెళ్లి అడగాలి."

ఆయన చెడ్డవాడు కాదు. నిరుటి కాగితాలు బయటికి తీశాడు. "మొదట్నుంచీ పనిలో ఉన్నవాళ్లనే అడుగుతున్నాం. ఇప్పుడు మానేసినవాళ్లనీ కలిపితే నిరుటితో ఎలా పోల్చను? కలిపినా, దగ్గు దూది వల్లేనని మన ప్రశ్నలు చెప్పలేవు. బీడీల వల్లంటారు మిల్లువాళ్లు."

ఫ్యాన్లు అక్కర్లేదని తేలింది. ఆ కబురు ఆమెకంటే ముందే ఇల్లు చేరింది.

వదిన గుమ్మంలోనే ఎదురైంది. చాన్నాళ్లకు వదిన మొహం తేటపడింది. లోపల మేనకోడలు జుట్టు మీద గుడ్డ కట్టుకుంటోంది.

"దీన్ని వాళ్ల నాన్న చోట్లో తీసుకుంటారట. ముందు నా గుండెల్లో రాయి పడిందనుకో. ఆ గది బాగుందని నువ్వే తేల్చావటగా, ఇంక బెంగేముంది?"

"పంపొద్దు వదినా."

"అదేంటి? నువ్వు రాసింది అబద్ధమా?"

"అబద్ధం కాదు. అక్కడున్నవాళ్లందరూ బాగానే ఉన్నారు."

"మరింకేం?"

ఆమె ఉన్నవాళ్ల గురించి, లేనివాళ్ల గురించి చెప్పబోయింది. వదిన కాసేపు విని, మంచం వైపు చూసి, గొంతు తగ్గించింది. "సరేలే అమ్మాయ్, దీన్ని ఆపేస్తా. పొయ్యి ఎవరు వెలిగిస్తారు, నువ్వా?"



"అత్తా, ఇది జారిపోదు కదూ?" అంది మేనకోడలు.

ఆమె ముడి విప్పి మళ్లీ బిగించింది. గుడ్డ కొసను పిల్ల ముక్కు మీదికి లాగి చూసింది. అందలేదు.