రజతోత్సవ సంచికలో ఆయమ్మ

ఆ రోజుల్లో నాకు రెండు భ్రమలుండేవి. చరిత్ర రాయడమంటే పాత కాగితాలు చూసి కొత్త కాగితాల మీద రాయడమేనని ఒకటి, ఆ పని చేయగలవాడు వరంగల్లు మొత్తంలో నేనొక్కణ్ణేనని రెండోది. తలచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది, కాగితం దొరకడమే గగనం. అయినా మా వాడలోని ధర్మ దవాఖానకు ఇరవై ఐదేళ్లు నిండాయని, రజతోత్సవ సంచిక వేసి తీరాలని కమిటీ వాళ్లు తీర్మానించారు. మెట్రిక్ ప్యాసై ఖాళీగా తిరుగుతున్న నన్ను మా చిన్నాయన తీసుకుపోయి, కమిటీ పెద్ద వకీలు సాబు ముందు నిలబెట్టి, "మావోడు మస్తు రాస్తడు సాబ్" అన్నాడు. (అప్పటికి నేను రాసినవి మూడే మూడు పెళ్లిపత్రికలు.)

దవాఖాన బీరువా తెరిస్తే, ఇరవై ఐదేళ్ల రికార్డునూ చెదలు నాకంటే శ్రద్ధగా చదివి ముగించాయి. నా ప్రాణం ఉసూరుమంది. పెద్దమనుషుల ఇళ్ల చుట్టూ తిరిగితే, ఒక్కొక్కరూ తమ తండ్రి గొప్ప చెప్పారే గాని దవాఖాన సంగతి ఒక్కరికీ తెలియదు. ఇక నావల్ల కాదని చేతులెత్తేసే వేళకు దొరికింది ఆయమ్మ. మొదటి రోజు నుంచీ అక్కడ రోగులకు చాకిరీ చేసిన ముసలామె. పది రోజులు దవాఖాన అరుగు మీద కూర్చోబెట్టి, "గత్తరొచ్చి కక్కుడు, బేదులతోని మనుషులు సచ్చిన యేడు ఊరంత పారిపోతే డాక్టరు సాబు, నేను ఇద్దరమే మిగిలినం బిడ్డా" అంటూ అంతా చెప్పింది. చివరి రోజు నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని, "నా పేరు గూడ అచ్చుల పడ్తదా బిడ్డా?" అని అడిగింది. "పడకేమైతది ఆయమ్మా, మొదటి పేజీలనే పడ్తది" అన్నాను గొప్పగా. ఆమె కళ్లు తుడుచుకుంది. మర్నాడే కాజీపేటలో బండెక్కి, రైల్వేలో పనిచేసే కొడుకు దగ్గరికి బెల్లంపల్లి పోయింది.

ఉత్సవం నాలుగు రోజులుందనగా, ప్రెస్సులో ప్రూఫు చూస్తూ వకీలు సాబు ఒకచోట వేలు ఆపారు. "ఈ ఆయమ్మ ఎవరయ్యా? పేరేంది?" నా నోట్సు తిరగేశాను, ఎక్కడా లేదు. పది రోజులు ఆమె నోటి నుంచి చరిత్రంతా రాబట్టినవాణ్ణి, ఆమె పేరు అడగనే లేదు! పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవడం మన ఇళ్లలో ఉందా? వరస కలిపాక ఇక పేరుతో పనేముంది? సాయంత్రానికి ఆ పేజీల ఫారం అచ్చు మిషనెక్కాలి, బెల్లంపల్లి పోయి అడిగొచ్చే వ్యవధి లేదు. సైకిలు తీసుకుని వాడంతా తిరిగాను. కాంపౌండరు "ఆయమ్మే గద" అన్నాడు. పక్కింటామె "మేమైతే అత్తమ్మ అంటం" అంది. ఆయమ్మ చెల్లెలి కోడలైతే, "పెద్దత్త పేరు నేనెట్ల అడుగుత? జర మర్యాదుండద్దా?" అని నన్నే కసిరింది. చెమటలు కక్కుతూ తిరిగొస్తే వకీలు సాబు, "పేరు లేని మనిషిని బుక్కుల ఎట్లేస్తమయ్యా, తీసెయ్" అని ఆ పేరాకు అడ్డంగా గీత కొట్టేశారు. నేను బతిమాలాను, వాదించాను, చివరికి ప్రెస్సు గడప మీద కూలబడ్డాను. నా అంత పనికిమాలినవాడు ఇంకొకడు లేడని ఆ రోజు నాకు బాగా అర్థమైంది.

ఉత్సవం నాడు ఆయమ్మ రానే వచ్చింది, ఒక్కతే, ఉతికిన తెల్లచీర కట్టుకుని. సంచిక నా చేతిలో పెట్టి, "ఏది బిడ్డా, నా పేరేడున్నది?" అంది. ఆమెకు చదువు లేదు, నాకు ధైర్యం లేదు. పేజీ తిప్పి ఒకచోట వేలు పెట్టాను. ఆ వేలు పడింది మొదటి డాక్టరు గారి గుర్రం పేరు మీద. (దాని పేరు మాత్రం అడిగి మరీ రాసుకున్నాను.) ఆయమ్మ ఆ అక్షరాలను తడిమి చూసి, పుస్తకాన్ని కళ్లకద్దుకుని, "సల్లగుండు బిడ్డా" అంది. కనీసం అప్పుడైనా ఆమె పేరు అడగవలసింది. అడిగితే నా అబద్ధం బయటపడుతుంది కదా, అడగలేదు. ఆ తర్వాత ఎన్నో సంస్థలకు ఇలాంటి సంచికలు రాసిపెట్టాను. ఎవరితో మాట కలిపినా ముందు పేరు అడిగి రాసుకుంటాను. చాయ్ తెచ్చినవాడి పేరు కూడా రాసుకుంటానని మా పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఆమెను మాత్రం ఇవాళ ఇక్కడ కూడా ఆయమ్మ అనే రాయవలసి వచ్చింది.