గోలీ ఆపనియ్యని అవ్వ

మొన్న పొద్దున కోటగిరి నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, అవ్వ నిద్రలనే పోయింది" అని ఆమె బిడ్డ ఏడ్చింది. బోధన్‌లో చాలా ఏళ్లు మా పక్కింట్లో ఉన్న అవ్వ, ఈ మధ్యే బిడ్డ దగ్గరికి వెళ్లింది. అప్పటి నుంచి నేను కుట్టుమిషన్ ముందు కూర్చున్నా పని సాగడం లేదు.

నా భర్త పోయాక పరీక్ష చేసి నాకూ హెచ్ఐవీ ఉందన్నారు. మందు కోసం నిజామాబాద్ ఆసుపత్రికి వెళితే వరుసలో నా ముందు అవ్వే ఉంది! దొంగలిద్దరు ఒకే సందులో ఎదురుపడ్డట్టు చూసుకున్నాం. "నువ్వు గూడనా బిడ్డా?" అని చెయ్యి పట్టుకుంది. తిరుగు బస్సులో చెవిలో చెప్పింది. "మొదట్ల తల తిరుగుతది, పిచ్చి కలలొస్తయి. ఏమైనా డాక్టరుకు సెప్పు. నీ అంతట నువ్వు ఆపకు."

రోజూ సాయంత్రం అవ్వ తన ప్రార్థన కాగానే గోడ మీది నుంచి "గోలీ ఏసుకున్నవానే?" అని అరిచేది. వీధి వాళ్లు బీపీ గోలీ అనుకునేవారు.

కొన్ని వారాలకు నా కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లేనని అమ్మ నన్ను రెంజల్‌కు పసరు తాగించడానికి బయలుదేరదీసింది. పసరు తాగితే ఇంగ్లిషు మందులన్నీ ఆపాలి, మా వైపు పథ్యం అది. అవ్వ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"గోలీతోని పచ్చబడ్డయో, ఇంకేంటితోనో నీకెర్కనా, నాకెర్కనా? ఆపాల్నన్నా మార్చాల్నన్నా డాక్టరే సెప్పాలె."

అమ్మ మూతి ముడుచుకుంది. అవ్వ లెక్కచేయకుండా అప్పుడే మా ఇద్దరినీ నిజామాబాద్ బస్సెక్కించి, తానూ ఎక్కింది. రక్తం పరీక్షించి డాక్టరు ఒక మందు మార్చారు. ఇప్పుడు పరీక్షలో వైరస్ కనబడడం లేదు, మందు మాత్రం మానొద్దన్నారు. అవ్వ అడ్డం పడకపోతే నేను ఉండేదాన్ని కాదేమో. ఈ సంగతి రాస్తానని ఒకసారి అడిగితే "నా పేరు రాయకుంటే సాలు" అని నవ్వింది.

మొన్న కోటగిరి వెళ్లాను. శవం లేచేదాకా చావింట్లో ఎవరూ మంచినీళ్లు కూడా ముట్టరు. మహారాష్ట్ర నుంచి అవ్వ కొడుకు రావడం ఆలస్యమై పొద్దు వాలింది. నా మందు వేళ అయింది. గోలీ గుప్పిట్లో ఉంది, లేవాలంటే మొహమాటం.

మా ఇద్దరి సంగతీ తెలిసిన అవ్వ బిడ్డ నా గుప్పిట చూసింది. లేచి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

"మింగు అక్కా. అవ్వ ఉంటే ఊకునేదా?"

జనానికి వీపు పెట్టి, నేను మింగేదాకా కొంగు చాపి అడ్డంగా నిలబడింది.