ఇప్పపూల కాలంలో నిద్రపోని అత్త

“అత్తా, జావ తాగు.”

“నువ్వు పో పిల్లా. వాళ్ళు ఇంటున్రు.”

మా మేనత్త కన్నమ్మకూ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. అప్పటికి నేను లంగా కట్టే పిల్లను. ఈ ఉదయం వాకిట్లో ఎండబోసిన ఇప్పపువ్వు తియ్యగా, పులిసినట్టుగా ముక్కుకు తగలగానే ఆ మాటలు మళ్ళీ వినపడ్డాయి. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది నా కొడుకు కూతురు సునీత. నిరుడు దీనికి ఎవరూ లేకుండానే గొంతులు వినపడితే, దీని తాత, అప్పటికింకా బతికే ఉన్నాడు, నన్నూ వెంటబెట్టుకుని దీన్ని జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయాడు. గోలీలు మింగి నెమ్మదించింది. ఇప్పుడు వాటిని మానేసింది. వారంగా సరిగ్గా నిద్రపోవడం లేదు.

ఈ మాట దగ్గర కలం ఆపి, “బాగనే ఉన్న కద నానమ్మా, ఇంకా గోలీలు ఎందుకు?” అంది.

“ముందు రాయి. కొట్లాట తర్వాత” అన్నాను.

ఎర్రబోరు దగ్గర రోడ్డు దిగి అడవిలోకి నడిస్తే మా ఊరు వస్తుంది. చిన్నప్పుడు మాకు ఎండాకాలమంటే ఇప్పచెట్టే. చెట్టు కింద ఎండాకులు ఊడ్చి కాల్చిన మసి వాసన, ఆ నల్లటి నేల మీద తెల్లవారకముందే టప్పుటప్పుమని రాలే పూలు, ఏరుకుని ఇంటికొచ్చాక చింతగింజలతో కలిపి ఉడికించిన పువ్వు, సొరబుర్రలో చల్లారిన జావ, నంజుకోవడానికి ఎర్రచీమల పచ్చడి, మిగిలిన గింజలతో అరుగు మీద మా ఆట, ఆటలో తగువొస్తే మా ఇంటి భాష దోర్లలో తిట్టుకుని తెలుగులో ఏడ్చి, సంతలో నేర్చిన హిందీ ముక్కతో మళ్ళీ నవ్వుకోవడం. ఎవరి చెట్టు వారిదే అయినా, పశువుల కంటే ముందు చేరినవాళ్ళకే పువ్వు దక్కేది.

ఆ ఏడు మా అత్త నిద్రపోవడం మానేసింది. మొగుడు పోయి మా ఇంట్లోనే ఉండేది. మా అమ్మ లేచేసరికి గంప నిండి వాకిట్లో ఉండేది. పొరుగింటి రాజమ్మ వచ్చి, “మా కోడలు పొద్దు నెత్తి మీదికొచ్చినా లేవది. మీ ఆడబిడ్డను మాకియ్యరాదే” అనేది.

“తీస్కపో గానీ, మీ కోడల్ని మాత్రం మాకంటగట్టకు” అనేది మా అమ్మ.

మరో కాలమైతే నిద్రేదని ఎవరైనా అడిగేవారేమో. పూల కాలంలో నిద్రపోని మనిషి ఇంటికి లాభం. నాయన మురిసిపోయి సంత నుంచి అత్తకు ఎర్రంచు చీర తెచ్చాడు.

ఆమె చెట్టుతో మాట్లాడుతుంటే పువ్వు మత్తెక్కిందన్నారు, పూలు అయిపోతే దిగుతుందన్నారు. పూలు అయిపోయాయి, తునికాకు కోతా అయిపోయింది, వానలు పడ్డాయి, అత్త మాటలు ఆగలేదు. ఎవరో విషం కలిపారని తినడం మానింది. అప్పుడు నింద పువ్వును వదిలి దయ్యం మీదికి పోయింది. మంత్రమేసే వడ్డె వచ్చి కోడిని కోసి పొగ వేశాడు. కొడుతుందేమోనని నాయన ఆవు పలుపుతో ఆమెను గుంజకు కట్టాడు. మా అత్త ఎన్నడూ ఎవరినీ కొట్టలేదు. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ భయపడ్డది ఆమే. నాయన కూడా చెడ్డవాడు కాదు, ముడి వేస్తూ ఏడ్చాడు. ఆయనకు తెలిసిన మందు అదొక్కటే.

నేను ఆకుదొప్పలో జావ తీసుకుపోతే, దూలం వైపు చూస్తూ నన్ను పొమ్మంది. కోపంతో అనలేదు. ఆ వినేవాళ్ళెవరో నన్నేం చేస్తారోనని పంపేసింది. మర్నాడు ఆమెను శబరి ఏరు దాటించి ఇంకో వడ్డె దగ్గరికి తీసుకుపోయారు. జ్వరమొచ్చి అక్కడే పోయింది. ఎర్రంచు చీర మడత విప్పకుండానే ఉండిపోయింది.

నిరుడు ఆసుపత్రిలో డాక్టరు హిందీలో చెబుతుంటే మా అత్తే కళ్ళ ముందు కదిలింది. ఇది మెదడుకు వచ్చే రోగం, దయ్యమూ కాదు, పొగరూ కాదు అన్నాడు. నిద్ర చెడితే వెంటనే రమ్మన్నాడు. “బాగైందని గోలీ బంద్ మత్ కర్‌నా” అని, తనను అడగకుండా మానొద్దని, బయటికొచ్చి మరీ చెప్పాడు.

ఇప్పుడు మా చెట్ల కింద ఆకు కాల్చడం లేదు. ఆ మసి వాసన లేదు, గంప పట్టుకుని చీకట్లో పరుగులు లేవు. చెట్టు కింద పచ్చటి వల కడుతున్నారు, పువ్వు దాన్లోనే పడుతుంది, తీరిగ్గా పోయి తెచ్చుకోవచ్చు. అయినా ఈ వారమంతా కోడి కూయకముందే సునీత చెట్టు దగ్గర ఉంటోంది. పిల్ల పనిమంతురాలైందని మా కోడలు మురిసిపోతోంది. వచ్చే సంతలో కొత్త డ్రెస్సు కొంటానంది.

వల ఉండగా చీకట్లో నీకు అక్కడేం పని బిడ్డా? ఎవరు పిలుస్తున్నారు? నాకు చెప్పకపోయినా సరే, డాక్టరుకు చెప్పు. రేపు పొద్దున బస్సుకు పోదాం. నేను పక్కనే కూర్చుంటాను, ఎవరూ నిన్ను కట్టరు.

రాసింది చాలు. కలం పక్కన పెట్టు. మా అత్త నిద్రపోవడం మానేసిన కాడినుంచి నాకు చదివి వినిపించు. గట్టిగా చదువు బిడ్డా, నీ చెవికి కూడా వినపడాలి.