సగం కడిగిన తొట్టి

పోయిన వారం యడ్లపాడు దగ్గర ఒక మిరప చేలో రైతు ఆకు నల్లికి కొట్టే మందు డబ్బా మూత తిప్పాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే గట్టు మీద ఒకచోట నిలబడలేకపోయాను. నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు తిరిగాను. "ఏంది సారూ, మందు వాసన పడదా?" అని నవ్వాడు రైతు. మిరప పురుగుల మీద సలహాలు చెప్పి బతికేవాణ్ణి, పడదంటే ఎవరు నమ్ముతారు? పడకపోవడం కాదు. పన్నెండేళ్ల కిందట అదే వాసన ఒక గాజు తొట్టిలోంచి వచ్చింది. ఎలా వచ్చిందో తెలిసీ నేను చెప్పలేదు. పైగా ఆ నింద ఇంకొకరి మీదకు పోతుంటే పోనిచ్చాను.

విశాలాక్షి మేడమ్ చిలకలూరిపేటలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవారు. నేను అక్కడే ల్యాబ్ అసిస్టెంటుని, వాళ్ల మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. ఫార్మలిన్ సీసాలో పాలిపోయిన నత్తను చూపించి పాఠం చెప్పడం ఆవిడకు నచ్చేది కాదు. అందుకని వానాకాలంలో దొడ్లో దొరికిన నత్తలను తెచ్చి వరండాలో గాజు తొట్టిలో, తడిపిన కొబ్బరి పొట్టు మీద పెంచేవారు. మొత్తం తొమ్మిది. పాఠం కోసం వచ్చినవి కాస్తా ఇంట్లో మనుషులైపోయాయి. అన్నింటికన్నా పెద్దదాన్ని 'ప్రిన్సిపాల్ గారు' అనేవారు, ఎవరు పిలిచినా బయటికి రాదని.

ఒకరోజు పొట్టు మీద పిండి రాలినట్టు తెల్లగా ఏవో కదులుతూ కనిపించాయి. నేను పుట్టి పెరిగింది మిరప చేలల్లో. పురుగు కనబడితే మందు కొట్టాలి, కనబడకపోయినా పక్క చేనువాడు కొట్టాడంటే మనమూ కొట్టాలి. మా నాన్న నేర్పిన వ్యవసాయం అది. "నల్లి పట్టింది మేడమ్. మా ఊరి నుంచి మందు తెస్తాను" అన్నాను.

ఆవిడ భూతద్దం నా చేతిలో పెట్టారు. "ముందు చూడవయ్యా. తర్వాత చంపుదువు గాని."

చూశాను. పుల్లతో కదిలిస్తే అవి చిటుక్కున ఎగిరిపడుతున్నాయి.

"నత్తల మీద ఉన్నాయా?"

"లేవండి. పొట్టులోనే."

"బూజు తిని బతికేవి. తొట్టి ఊడ్చే పనివాళ్లు, జీతం కూడా అడగరు. వాళ్లను చంపుతానంటావేం?"

నెల తిరక్కుండా నిజం నల్లులే వచ్చాయి. ఇవి ఎగరలేదు. నత్త ఒంటి జిగురు మీద పరుగులు పెడుతూ, అది ఊపిరి పీల్చే రంధ్రంలోకి దూరి బయటికొస్తున్నాయి. ప్రిన్సిపాల్ గారు మేత ముట్టడం మానేశారు. పొట్టంతా తీసి పారేసి, తొట్టిని మరిగే నీళ్లతో కడిగాం. గాజు గోడలు తుడిచి, ఇక అయిపోయిందన్నాను. మేడమ్ మూత అంచు సందులో వేలు పెట్టి తీసి చూపించారు. వేలి కొసన తెల్లటి చుక్కలు.

"గుడ్లు. సగం కడిగిన తొట్టి కడగనట్టే, శ్రీనివాసూ."

ఆ తర్వాతది ఓపిక పని. నత్తలను తడి కాగితం మీద ఉంచాలి. రోజూ ఒక్కోదాన్ని గోరువెచ్చని నీళ్లతో తడిపి, మెత్తటి బ్రష్షుతో నల్లులను ఏరాలి. కాగితం మార్చాలి. ఇలా పది రోజులు. మూడు రోజులు ఆవిడే చేశారు. నాలుగో రోజు అక్క కూతురి పెళ్లికి వేటపాలెం వెళ్లాల్సి వచ్చి, బ్రష్షు నాకిచ్చారు. ఆటో కదిలాక కూడా తల బయటపెట్టి "తొందరపడకు" అన్నారు.

ఒక రోజు చేశాను. రెండో రోజు ఆరో నత్త దగ్గర నా ఓపిక అయిపోయింది. అవతల ఊళ్లో కాయ కోతలు, కూలీలు దొరక్క నాన్న ఫోన్ మీద ఫోన్. ఇక్కడ నేను నత్తలకు స్నానాలు చేయిస్తున్నాను. ఆ మధ్యాహ్నం ఊరెళ్లి, తిరిగొచ్చేటప్పుడు దగ్గుమందు సీసాలో కాస్త నల్లిమందు పోసుకొచ్చాను. ఒక మూతెడు నీళ్లలో కలిపి తొట్టంతా చిలకరించాను. గంటకల్లా ఒక్క నల్లి కదిలితే ఒట్టు. పది రోజుల పని గంటలో చేశానని గర్వపడ్డాను కూడా. తెల్లారేసరికి నత్తలు నురగ కక్కుతున్నాయి. మూడో రోజుకు తొమ్మిదీ పోయాయి. తొట్టి మళ్లీ మళ్లీ కడిగాను. వాసన పోలేదు.

వచ్చీ రాగానే మేడమ్ తొట్టిలోకి వంగారు. "మందు" అన్నారు. ఈ ప్రాంతంలో ఆ వాసన తెలియనివాళ్లుండరు. ప్రిన్సిపాల్ గారి పెంకును అరచేతిలో తిప్పుతూ చాలాసేపు కూర్చున్నారు. "రోజూ గేటు దగ్గర కొని వేసే తోటకూర తప్ప బయటిదేదీ ఇందులో పడలేదే" అన్నారు చివరికి. నేను ఏవో కాగితాలు సర్దుతూ నిలబడ్డాను. నువ్వేమైనా కొట్టావా అని ఆవిడ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణని చాలా ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే.

మర్నాడు ఆకుకూరల రత్తమ్మ ఎప్పటిలాగే గేటు ముందు గంప దించింది. తన దొడ్లో పండించుకుని ఆ వీధిలో అమ్ముకునే మనిషి. "నీ ఆకులో మందుంది రత్తమ్మా. నా నత్తలన్నీ చచ్చిపోయాయి" అన్నారు మేడమ్. చుట్టుపక్కల ఆడవాళ్లు ఆగి చూస్తున్నారు.

"నా దొడ్లో మందా! బూడిద చల్లుతానమ్మగారూ, అంతే. మా ఇంట్లో తినేది కూడా ఈ ఆకే!" అని రత్తమ్మ నావైపు తిరిగింది. "నువ్వు రైతుబిడ్డవు గదయ్యా, చూసి చెప్పు. ఇది మందు కొట్టిన ఆకేనా?"

ఆకు చేతిలోకి తీసుకున్నాను. తోటకూర నిండా పురుగు తిన్న చిల్లులు. మందు కొట్టిన ఆకు అలా ఉండదు.

"ఈ రోజుల్లో కొట్టనిదెవరులే రత్తమ్మా" అన్నాను.

ఒకే ఒక్క మాట. వారం తిరిగేసరికి ఆ వీధిలో ఆమె దగ్గర కొనేవాళ్లు లేరు. గంప ఎత్తుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది. మేడమ్ మళ్లీ నత్తలను పెంచలేదు. నేను ఉద్యోగం మానేసి వెళ్లేటప్పుడు తన భూతద్దం నాకిచ్చారు. అప్పటినుంచి అది నా జేబులోనే ఉంది. ఏ చేలోకి వెళ్లినా ఆకు తిప్పి, భూతద్దంతో చూసి గాని మందు పేరు చెప్పను. రైతులు 'భూతద్దం సారు' అంటారు. ఆ పేరు విన్నప్పుడల్లా, చూసి కూడా అబద్ధం చెప్పిన ఆ పొద్దున గుర్తొచ్చి లోపల ఏదో పాకుతుంది.

పోయిన వారం యడ్లపాడు నుంచి ఇంటికి వెళ్లలేదు. తిన్నగా మేడమ్ ఇంటికి వెళ్లాను. వరండాలో తొట్టి బోర్లించి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేక, మందు సంగతీ రత్తమ్మ ఆకు సంగతీ నిలబడే చెప్పాను. ఆవిడ "ఎంత వేశావు?" అన్నారు.

"మూతెడండి."

"మూతెడు!" కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "అందరికీ చూడమని చెప్పినదాన్ని, ఆ ఆకు నేను చూడలేదయ్యా. నిన్ను నమ్మాను."

"తప్పయిపోయింది మేడమ్."

"నాకు చెప్పావు, బాగానే ఉంది. తొట్టి సగమే కడిగావు" అంటూ చెప్పులేసుకున్నారు.

రత్తమ్మ బస్టాండు పక్కనే ఉంది, జుట్టు పూర్తిగా నెరిసింది. మేడమ్ చేతులు జోడించి "నిన్ను అనరాని మాట అన్నాను రత్తమ్మా" అన్నారు. నేను జరిగిందంతా చెప్పాను. ఆమె గోంగూర మీద నీళ్లు చల్లుతూనే వింది.

"నాకెందుకు చెప్తావయ్యా? నా ఆకులో మందు లేదని నాకు తెలవదా? ఆ వీధోళ్లకు చెప్పు."

గంప నేనే మోశాను. మేడమ్ గేటు ముందు దించాను. పాతవాళ్లు ముగ్గురు నలుగురు బయటికొచ్చారు, కొత్తవాళ్లు మేడల మీంచి తొంగిచూశారు. జేబులో భూతద్దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

"రత్తమ్మ ఆకులో ఏనాడూ మందు లేదండీ. నత్తలకు మందు కొట్టింది నేను. ఆకు చూసి, తెలిసీ అబద్ధం చెప్పింది నేను. నన్ను క్షమించు రత్తమ్మా."