‘ఇటీవల’ అంటే ఏ రోజు?

కరీంనగర్‌లో ఒక దినపత్రిక డెస్కులో జిల్లా వార్తలు దిద్దే పని చాలా ఏళ్లు చేశాను. తేదీ, అంకె ఉంటే తప్ప వార్తను నమ్మేవాడిని కాదు. అన్నిటికంటే నాకు గిట్టని మాట ‘ఇటీవల’. ‘ఇటీవల జరిగిన సమావేశంలో’ అని వస్తే విలేకరి ఆ సమావేశానికి పోలేదని నా అనుమానం. ‘ఇటీవలి వర్షాలకు కూలిన గోడ’ అంటే ఫొటో నిరుటిదేమోనని పరీక్షగా చూసేవాడిని. ఇటీవల జిన్నింగు మిల్లులో పత్తి తగలబడిందని ఆదిలాబాద్ నుంచి ఒకసారి వార్త వచ్చింది. ఎప్పుడని అడిగితే దీపావళికి ముందో తరువాతో అన్నారు.

అయినా ఆ మాటను డెస్కులో ఎక్కువసార్లు రాసిందీ నేనే. మూడు రోజులు దాటిన వార్తలో రోజు పేరు కొట్టేసి ‘ఇటీవల’ అని పెట్టడం మా ఆనవాయితీ. వార్త పాసిపోయిందని పాఠకుడికి తెలియకూడదు.

ఒక సోమవారం మధ్యాహ్నం హుజూరాబాద్ దగ్గరి పల్లె నుంచి ఒకామె వచ్చింది. ఆమె భర్త గల్ఫ్‌లో తాపీ పనికి పోయి అక్కడే చనిపోయాడు. ముందు రోజు మేము వేసిన నాలుగు వాక్యాల వార్తను కత్తిరించి, ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని తెచ్చింది. ‘ఇటీవల గుండెపోటుతో మృతి చెందాడు’ అన్నచోట వేలు ఆనించింది.

“గీ ఇటీవల అంటే ఏ దినం సారూ?”

“మీకు చెప్పలేదా అమ్మా?”

“కంపెనోళ్లు శుక్రారం ఫోన్ జేసి, గియ్యాల్నే పానం పోయిందన్నరు. నాకు నమ్మకం లేదు. మంగళారం నుంచే ఆయన ఫోన్ ఎత్తలే. బుధారం కోపమొచ్చి, సచ్చినవా బతికినవా అని వాట్సాప్ల వాయిస్ పెట్టిన. శాన తిట్టిన సారూ. ఇన్నట్టు నీలం టిక్కులు వడ్డయి. గది ఇన్నంకనే గుండె ఆగిందా? గది నాకు తెల్వాలె.”

ఆ వార్త దిద్దింది నేనే. ఏం కొట్టేశానో గుర్తు లేదు. విలేకరులు పంపిన ప్రతులను చెరిపేయకుండా ఉంచడం నా అలవాటు కనుక కంప్యూటరులో వెతికాను. శనివారం సాయంత్రం వచ్చిన ప్రతిలో ‘మంగళవారం ఉదయం’ అని స్పష్టంగా ఉంది. నాలుగు రోజులు పాతదని నేనే తీసేశాను.

అప్పటికీ నాకు నమ్మకం కుదరలేదు. హుజూరాబాద్ విలేకరికి ఫోన్ చేసి, ఆమెకు వినిపించేలా స్పీకరు పెట్టాను.

“మంగళవారమని నీకెవరు చెప్పారు?”

“ఆయన రూంల ఉండే మన ఊరాయన సార్. దవాఖానకు తోల్కపోయింది ఆయననే. మంగళారం మాపటికే నాకు ఫోన్ జేసి చెప్పిండు.”

“మరి శనివారం దాకా ఎందుకు పంపలేదు?”

“ఇంట్లోళ్లకు తెల్వకముందే పేపర్ల వస్తే ఎట్లుంటది సార్? కంపెనోళ్లు చెప్పేదాక ఆగిన.”

ఫోన్ పెట్టేశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అయితే ఆయన ఇనలే,” అన్నది.

నేను మంచినీళ్లు ఇచ్చాను. సగం తాగి గ్లాసు కింద పెట్టింది.

“మరి బుధారం నా మాట ఇన్నది ఎవలు సారూ? నేను గంతగనం తిడుతుంటె ఇని గుడ, పోయిండని ఒక్క మాట జెప్పకపాయె.”

నేను కంప్యూటరు వైపు తిరిగాను. ఆమె కూడా అటే చూసింది.

“మీ కాడ మంగళారం అని ఉండంగ, పేపర్ల ఎందుకు తీసేసిండ్రు?”

ఎందుకో నాకు తెలుసు. కానీ పాసిపోయిన వార్త అన్న మాట ఆమె ముందు నోటికి రాలేదు. విలేకరి పంపిన ప్రతిని ప్రింటు తీసి, అది అందిన రోజు, సమయం చేతితో రాసి, కింద సంతకం చేసి ఇచ్చాను. ఆమె చదువుకున్నది తక్కువే. ‘మంగళవారం’ దగ్గర మాత్రం ఒక్కో అక్షరం కూడబలుక్కొని రెండుసార్లు చదివింది. కవరులోంచి మా వార్త తీసి, దాని చోట ఆ కాగితం పెట్టుకుంది.

“గిది మీరే ఉంచుకోండ్రి,” అని వార్త ముక్కను నా బల్ల మీద వదిలి మెట్లు దిగిపోయింది.