మెట్టుగూడలో అల్బెరిక్ ప్రభువు

నోవహు మాస్టారికి ఒకటే పిచ్చి. ఎవరు ఏం మాట్లాడినా, ఎనిమిది వందల ఏళ్ల కిందట ఫ్రాన్సులో బతికిన అల్బెరిక్ ప్రభువు సంసారంలోకి లాక్కెళ్లేవారు. చరిత్ర మాస్టారుగా తాను రిటైరయ్యారు గానీ, ఆ ప్రభువును మాత్రం రిటైర్ కానివ్వలేదు.

మెట్టుగూడలో ఎవరి పిల్లాడైనా పదో తరగతి తప్పితే, ప్రభువు రెండో కొడుకూ కత్తిసాములో తప్పేవాడు. పక్కింటి రోసమ్మ కోడలు అలిగి పుట్టింటికి పోతే, ప్రభువు కోడలు అంతకుముందే పోయి, మామగారు గుర్రమేసుకెళ్లి బతిమాలితే తిరిగొచ్చి ఉండేది. మాస్టారి భార్య ప్రేమమణికి సొంత మేనమామల పేర్లు తడుముకోవలసి వచ్చేది. ప్రభువు పిల్లల పేర్లు మాత్రం కంఠతా వచ్చు. ఆ ఇంటికి వండిపెట్టడం ఒక్కటే తక్కువని విసుక్కునేది.

ఇంతలో ఎదురింట్లో గొడవ మొదలైంది. తుకారాం చెల్లెలు దేవమ్మ చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, బట్టలు కుట్టి బతుకుతోంది. రైల్వే గార్డు సదాశివను పెళ్లాడతానంది. తుకారాం ససేమిరా అన్నాడు. అన్న ముందు నడవందే కదలనని ఆమె, నడిచేది లేదని అతను. ఇద్దరూ బిగుసుకున్నారు.

మర్నాడే మాస్టారు వెళ్లి తుకారాం అరుగు మీద కూర్చుని, ప్రభువు చెల్లెలి రెండో పెళ్లి కథ ఎత్తుకున్నారు. తుకారాం లోపలికి పోతే కిటికీ దగ్గరికి జరిగారు. పనికి బయలుదేరితే బస్టాపు దాకా వెంటనడిచారు. వానొస్తే గొడుగేసుకుని మరీ వచ్చారు.

చివరికి తుకారామే దిగొచ్చాడు. "సార్, గాళ్లు దొరలు. మనం గిట్ల చేస్తే మంది నవ్వుతరు."

"అక్కడా నవ్వారయ్యా," అన్నారు మాస్టారు. "ప్రభువు గుర్రం దిగి, చెల్లెలి చెయ్యి పట్టుకుని చర్చి దాకా నడిచాడు. నవ్వినవాళ్లంతా వెనకే నడిచి, భోంచేసి వెళ్లారు."

ఆ నెలలోనే తుకారాం దేవమ్మ చెయ్యి పట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు నడిచాడు.

పెళ్లి భోజనాలై తిరిగొస్తుంటే ప్రేమమణి మాస్టారిని నిలదీసింది. "ఏమండీ, ఆ చెల్లెలికి నిజంగా మళ్లీ పెళ్లయిందా?"

మాస్టారు నడక తగ్గించారు. "ఆయనకు చెల్లెల్లేదు."

"కోడలో?"

"కొడుకులుంటే కదా, ప్రేమా. ఆయన పెళ్లే చేసుకోలేదు. వీధిలో అవసరం వచ్చినప్పుడల్లా ఒకరు పుట్టుకొచ్చారు."

ఇన్నేళ్లుగా కంఠతా పట్టిన పేర్లన్నీ తలుచుకుని ప్రేమమణికి కోపం రావలసింది. నవ్వొచ్చింది. కొంతదూరం నడిచాక మెల్లగా అంది:

"యాప్రాల్‌లో మా అక్క లీలాకుమారి కంటి ఆపరేషనంటే భయపడి చస్తోంది. మీ ప్రభువుకు వదినగారుందా?"

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించారు.

"ఉండేది," అన్నారు. "పాపం, చూపు కాస్త తక్కువ."